నూనెలో కొత్తిమీర

కుట్టుపని చేసుకునే అక్కకు ఆకు పారేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. సంత ముగిసే వేళకు వెళ్లి, ఎవరూ కొనని కొత్తిమీర, పుదీనా కట్టలు చవగ్గా తెచ్చుకునేది. వేళ్లున్న వాటిని గ్లాసు నీళ్లలో నిలబెట్టేది. కొన్నింటిని పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేది. మిగతావి తరిగి, ఐసు ట్రేలో నీళ్లు పోసి గడ్డ కట్టించేది. ఈ విద్యలో ఆమెకు తిరుగులేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆగితే ఆమె ఎందుకవుతుంది? ఫ్రిజ్ నిండిపోయిందని, మిగిలిన కొత్తిమీరను పచ్చి వెల్లుల్లితో నూరి, రెండు సీసాల్లో కుక్కి, పైదాకా నూనె పోసి మూత బిగించింది. గాలి తగలకపోతే ఏదీ చెడదని ఆమె సిద్ధాంతం. ఒక సీసా మిషను పక్క అలమరలో పెట్టుకుంది. రెండోది ఆదివారం చెల్లెలికిచ్చింది.

అది ఉత్త సీసా కాదు. "నీ పిసినారితనంతో ఎప్పుడో ఎవరి ప్రాణమో తీస్తావక్కా" అని చెల్లెలు నోరు జారినప్పటి నుంచి, ఆరు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి అక్కే ఒక మెట్టు దిగి, ఆ సీసా పట్టుకుని వెళ్లింది. చెల్లెలు నవ్వుతూ అందుకుంది.

గురువారం మధ్యాహ్నం జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన నర్సు అలమరలో సీసా చూసింది.

"ఇది బయటే ఉంచుతున్నారా? ఎన్నాళ్లయింది?"

"పది రోజులు. వాసన చూడండి, ఎంత బాగుందో!"

"వాసన మారదమ్మా, రంగూ మారదు. గాలి లేని చోటే పెరిగే క్రిమి ఒకటుంది, విషం తయారు చేస్తుంది. ముందు చూపు మసకబారుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరాడదు. మీరు తిన్నారా?"

తినలేదు. పాతది అయిపోనిదే కొత్తది ముట్టే రకం కాదామె. కానీ చెల్లెలు? ఆమె ఐదేళ్ల పాప?

చెల్లెలి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే అక్క వీధిలోకి ఉరికింది. మూడు సందుల దూరం మూడు మైళ్లయింది. చెల్లెలి మాటే నిజమైతే తను బతికుండి ఏం లాభం?

తలుపు తీసిన చెల్లెలు అక్క మొహం చూసి బిత్తరపోయింది.

"ఏంటక్కా ఆ రొప్పు?"

"ఆ సీసా ఏదే?"

"అదా? ఎంత బాగుందో! మొన్నే నాకి నాకి ఖాళీ చేశాం."

అక్క ఆమె భుజాలు పట్టుకుంది. "పాప కూడా తిందా?"

"దానికే ఎక్కువ నచ్చింది. కాస్త నలతగా ఉందని ఇవాళ బడికి పంపలేదు, పడుకుంది."

అక్క లోపలికి పరిగెత్తి, పాపను లేపి కూర్చోబెట్టింది. "అమ్మలూ, ఇటు చూడు. నేను కనిపిస్తున్నానా? మాట్లాడమ్మా!" నిద్రమత్తులో పాప మూలిగింది. మాట ముద్దగానే వచ్చింది. అక్క దాన్ని భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

"పిల్లనెక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"ఆస్పత్రికి. నువ్వూ రా. అది విషమే! నా చేతులతో నేనే ఇచ్చాను."

చెల్లెలి మొహం పాలిపోయింది. గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అక్కా, ఆగు. మేమెవరమూ తినలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకు."

"నిజం. నువ్వు సందు మలుపు తిరగ్గానే చెత్తలో పడేశా. మూత కూడా తీయలేదు. నీకు చెప్పే ధైర్యం లేక, బాగుందని..."

"ఒట్టు?"

"పాప మీద ఒట్టు. దానికి ఉత్త జలుబే."

అక్క పాపతో సహా నేల మీద కూలబడింది. అవమానం తగిలింది, తగలకపోలేదు. అంతకు వందరెట్లు సంతోషం కలిగింది. ఏడుపో నవ్వో తెలియకుండా ఒళ్లంతా కదిలిపోయింది. చెల్లెలు పక్కన చేరి క్షమించమంది.

"ఇక మీదట నేనేం తెచ్చినా నా కళ్లెదుటే పారెయ్యి" అంది అక్క, పాప వీపు నిమురుతూ. "బాగుందని మాత్రం చెప్పకే."