ఉత్తుత్తి పెట్టెలో ఇరవై చీటీలు

నేను ఒక ఉత్తుత్తి ఓటు పెట్టెను. నాలో పడ్డ ఓటుతో ఇంతవరకు ఒక వార్డు మెంబరు కూడా గెలవలేదు, ఓడలేదు. ఎన్నికలు అయిపోయాక, జనం వేళ్ళ మీద సిరా చెరక్కముందే, సర్వేవాళ్ళు నన్ను చంకన పెట్టుకుని ఊళ్ళ మీద పడతారు. కొన్ని ప్రశ్నలకు మనిషి నోటితో నిజం చెప్పడు. అలాంటి ప్రశ్న ఒకటి చీటీ మీద అచ్చువేసి, మీరే గుర్తు పెట్టి మడిచి ఇందులో వెయ్యండి, ఎవరికీ తెలియదు అంటారు. ఆ ‘ఇందులో’ అన్నది నేనే.

నన్ను చేసింది తెనాలిలో రేకు పని చేసే మస్తాన్. గుళ్ళకు హుండీలు, దర్గాలకు చందా డబ్బాలు, చర్చీలకు కానుక పెట్టెలు అన్నీ అతని చేతివే. అన్నిటికీ కొలత ఒకటే, రంగే వేరు. సర్వే ఆఫీసువాళ్ళు వచ్చి ఓటు పెట్టె కావాలంటే అదే కొలతకు ఇంకో రేకు కోసి, ఏ రంగు వేస్తే ఎవరికి కోపమొస్తుందోనని బూడిద రంగు వేసి ఇచ్చాడు. అందుకే నన్ను చూడగానే పెద్దవాళ్ళకు చెయ్యి ఆగదు, చీటీని కళ్ళకద్దుకుని మరీ వేస్తారు. ఒకావిడ చీటీతోపాటు రెండు తులసి దళాలు కూడా వేసింది. వాటిని ఏ గడిలో ఎక్కించాలో తెలియక ఆఫీసులో చాలాసేపు తల గోక్కున్నారు.

నా మొదటి యజమాని భాస్కరం. మంచివాడే, కాకపోతే ఎండంటే గిట్టదు. ఊరి మొదట్లో టీ కొట్టు నీడన కూర్చుని, ఇరవై మంది మనసుల్లో మాటలూ తనే ఊహించి, ఇరవై చీటీలూ తనే మడిచి నాలో వేసేవాడు. అతని ఫారాల ప్రకారం ఒక ఊళ్ళో జనమంతా వారానికి రెండుసార్లు తమ ఊరి గుడికి వెళుతున్నారు. ఆ ఊళ్ళో అప్పటికింకా గుడికి పునాది కూడా పడలేదు. అక్కడ దొరికిపోయాడు పాపం.

ఆ తరవాత సుగుణ చేతికొచ్చాను. చీరల కొట్టులో పొద్దస్తమానం నిలబడే పని నుంచి బయటపడి ఈ ఉద్యోగంలో చేరింది. గడప గడపా ఎక్కేది, చెప్పింది చెప్పినట్టు రాసేది. పన్నెండేళ్ళు ఆమెతో తిరిగాను. మొదట్లో పూజ సంగతి అడిగితే ఆడవాళ్ళు వంటింట్లో దేవుడి గూడు చూపించేవాళ్ళు. రానురాను ఫోను చూపించడం మొదలుపెట్టారు. తెల్లారగానే దేవుడి బొమ్మ పదిమందికి పంపితే ఆ పూట పూజ అయినట్టే. జాతర ఫ్లెక్సీల్లో అమ్మవారు మూలకు జరిగి నాయకులకు చోటిచ్చింది. పాస్టరు గారి పుట్టినరోజుకు అన్ని పార్టీలవాళ్ళూ వచ్చి కేకు తింటున్నారు. ఇంత జరుగుతున్నా, మీ మతపెద్దలు చెప్పినట్టు ఓటు వేస్తారా అని అడిగితే మాత్రం, అబ్బే, దానికీ దీనికీ సంబంధమే లేదండీ అనేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది గాని, ఆ మనుషులంటే ముద్దుగానే ఉండేది.

గుండ్లవరంలో కథ తిరగబడింది. అక్కడి రామాలయం కమిటీ ప్రెసిడెంటు పేరయ్య. గుడికి గాలిగోపురం లేదన్నది ఆయన దిగులు. గెలిస్తే కట్టిస్తానని ఒక అభ్యర్థి మాట ఇచ్చేసరికి, వీధివాళ్ళందరినీ గుళ్ళోకి పిలిచి, వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టించి, ఆ అభ్యర్థికే ఓటు వేస్తామని ప్రమాణం చేయించాడు. తీరా అతను ఓడిపోయాడు. మాట తప్పింది ఎవరో తెలియక పేరయ్యకు అన్నం సయించడం లేదు. సరిగ్గా అప్పుడే నన్ను తీసుకుని సుగుణ ఆ ఊళ్ళో బస్సు దిగింది.

చీటీ మీద ప్రశ్న ఒక్కటే. గుళ్ళోగాని, చర్చిలోగాని, మసీదులోగాని పెద్దలు చెప్పిన మనిషికే ఓటు వేశారా? అవునంటే రైటు, కాదంటే ఇంటూ. నోటితో అడిగితే, ప్రమాణం చేశాం కదమ్మా అని అందరూ బుద్ధిగా చెప్పారు. జాబితాలో పద్నాలుగో పేరు పేరయ్య భార్య వజ్రమ్మది. ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయనే జవాబు చెప్పాడు. ఆమె వయసు కూడా ఆయనే, రెండేళ్ళు తక్కువగా చెప్పాడు. చీటీ దగ్గరకొచ్చేసరికి సుగుణ ఆయన్ను కాస్త బయటికి వెళ్ళమంది.

వజ్రమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నిజంగానే ఎవరికీ తెలవదా అమ్మాయ్?”

తెలియదు పిన్నిగారూ, అంది సుగుణ. ఆవిడ గుర్తు పెట్టి, మడిచి నాలో వేసి, నవ్వు ముఖంతో వాకిట్లోకి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ నవ్వు పేరయ్య ఎరగడు. అదే కొంప ముంచింది.

సుగుణ చెప్పింది పూర్తి నిజం కాదు. ప్రతి చీటీ మూలలో ఫారం నంబరు ఉంటుంది. ఏ చీటీ ఎవరిదో ఆఫీసువాళ్ళు ఫారంతో సరిచూసుకోవాలి, చూసి మరిచిపోతారు. సుగుణ చీటీ మీద పద్నాలుగు వేస్తుండగా, బయటికి వెళ్ళబోతూ పేరయ్య చూశాడు. ఇరవై ఇళ్ళూ పూర్తయిన రోజు మధ్యాహ్నం కబురు పంపాడు. మూడు గంటలకు రామాలయం అరుగు మీద, నలుగురి ముందూ పెట్టె తెరవాలి. మాట తప్పింది తన ఇంట్లోనే అని తేలితే వజ్రమ్మను ఆ సాయంత్రమే పుట్టింటికి పంపేస్తాడట.

సుగుణ నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్‌షెల్టర్‌లో కూర్చుంది. రెండున్నరకు తెనాలి బస్సు వచ్చి ఆగింది. ఎక్కి వెళ్ళిపోవచ్చు. వెళితే అనుమానమంతా వజ్రమ్మ నెత్తిన మిగులుతుంది. బస్సును పోనిచ్చి, నా తాళం తీసి, ఒక్కొక్క చీటీ మూల పట్టుకుని, మడత విప్పకుండా నంబరున్న ముక్కను చింపేసింది. నంబరు లేని చీటీ ఆఫీసులో చెల్లదని ఆమెకు తెలుసు. ఉద్యోగం ఉండదనీ తెలుసు. ఎందరి చేతుల్లోనో తిరిగిన నాకు, అంతగా ప్రేమ పుట్టిన మనిషి ఆమె ఒక్కతే.

మూడింటికి అరుగు మీద నన్ను బోర్లించింది. పేరయ్య గబగబా మూలలు వెతికాడు, అంకె ఎక్కడా లేదు. ఒక్కొక్కటే విప్పి రెండు కుప్పలు పెట్టాడు. రైట్లు మూడు. ఇంటూలు పదిహేడు. పోగైనవాళ్ళలో సగంమంది ఆ చీటీలు వేసినవాళ్ళే. ఎవరికి వాళ్ళు కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. ఒక్క మనిషిని పట్టుకుందామని వచ్చినవాడికి వీధి వీధంతా చేతికి చిక్కింది.

“ఇందులో మా ఆవిడది ఏదమ్మాయ్?” అన్నాడు పేరయ్య.

“నాకూ తెలియదు బాబాయ్ గారూ,” అంది సుగుణ. ఈసారి అది పూర్తి నిజం.

చీటీలన్నీ ఆయనే మళ్ళీ మడిచి ఆమె చేతికిచ్చాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నాక, ఖాళీ చీటీ ఉంటే ఒకటి ఇవ్వమని అడిగాడు. అటు తిరిగి, అరచేయి అడ్డం పెట్టుకుని గుర్తు పెట్టి, నాలో వేశాడు. అప్పటికి వజ్రమ్మ గుడి మెట్ల దాకా వచ్చి నిలబడి ఉంది. ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు.

ఆఫీసువాళ్ళు ఇరవై చీటీలూ చెల్లవన్నారు, సుగుణను మానుకోమన్నారు. సర్వేలు ట్యాబుల్లోకి వెళ్ళిపోవడంతో నన్ను కూడా ఎవరూ తిరిగి అడగలేదు. ఇప్పుడు సుగుణ ఇంట్లో బీరువా మీద ఉంటున్నాను. పేరయ్య వేసిన చీటీ ఒక్కటే నాలో ఉంది. ఆమె దాన్ని విప్పలేదు.

మొన్న శ్రావణమాసంలో చీర కొనడానికి తెనాలి వచ్చిన వజ్రమ్మకు కొట్టులో చీరలు విప్పి చూపిస్తూ సుగుణ కనిపించింది. సుగుణ ఆవిడను ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చింది. ఆవిడ గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది. బాబాయ్ గారి చీటీ అందులోనే ఉంది, తాళం తియ్యమంటారా అని అడిగింది సుగుణ.

వజ్రమ్మ లేచొచ్చి, నా మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

“వద్దులే అమ్మాయ్. నాదేందో ఆయన ఇంతవరకూ నన్ను అడగలా.”