రూతమ్మ అడిగిన వాన

మూడో వరుసకు వచ్చేసరికి రూతమ్మ సుంకన్న మోకాళ్ళ గురించి ప్రార్థన మొదలుపెట్టింది. చీపురు ఆగలేదు, పెదవులూ ఆగలేదు. సుంకన్న సంఘపెద్ద. ఎన్నో ఏళ్ళుగా అదే చోట గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఆయన కూర్చునే బండ మిగతా బండలకంటే నున్నగా ఉంటుంది. అన్న మోకాళ్ళు చూడు ప్రభువా అని దాని మీద రెండుసార్లు చీపురు ఆడించి పక్కకు జరిగింది. అది సునంద టీచరు చోటు. సునంద టీచరుకు చక్కెర జబ్బు. ఆ వెనకది కొత్తగా కాపురానికి వచ్చిన మల్లీశ్వరిది. ఆ పిల్ల మొగుడు తాగుతాడు కాబట్టి అక్కడ చీపురు కాస్త గట్టిగా పడింది.

పామిడిలో పెన్న వైపు దిగే దారి పక్కనున్న ఆ రాతి చర్చిలో రూతమ్మ పని ఇదే. ఆదివారం తెల్లవారకముందే తలుపులు తీయాలి, ఊడ్చాలి, చాపలు పరచాలి, వేపచెట్టుకు గంటగా వేలాడే రైలుపట్టా ముక్కను మూడు వేళలకు కొట్టాలి. ఆరాధన అయ్యాక మళ్ళీ అన్నీ చుట్టి పెట్టాలి. ఒకప్పుడు ఆమె మొగుడు జయరాముడు చేసిన పని అది. అతను పోయాక తాళంచెవులు ఆమె కొంగుకు చేరాయి. బత్తలపల్లె నుంచి కోడలుగా వచ్చి అతని వెంట చీపురు పట్టిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై నాలుగేళ్ళు.

చోటును బట్టి మనుషుల కోసం ప్రార్థించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేతికి పని ఉన్నప్పుడు నోరెందుకు ఊరికే ఉండాలని మొదలైంది, అలా నిలిచిపోయింది. ఏ బండ మీద ఎవరి కష్టం వచ్చి కూర్చుంటుందో ఆమెకు తెలిసినంతగా పాస్టరు అయ్యగారికి కూడా తెలియదు. ఇలా ఒకామె తమ కోసం చీపురుతో ప్రార్థిస్తోందని సంఘంలో ఒక్కరికీ తెలియదు. తెలియనందుకు మొదట్లో ఆమెకు ఎంతో హాయిగా ఉండేది. ఈ మధ్య ఆ హాయి పోయింది.

కిటికీ పక్కన ఆడవాళ్ళ వరుసలో చివరి బండ దగ్గర పెదవులు మూసుకున్నాయి. చీపురు మాత్రం గబగబా అటూ ఇటూ తిరిగి బయటపడింది. అది ఓబమ్మ చోటు.

ఓబమ్మ సంతలో బొరుగులు అమ్ముకునే ముసలామె. అయినవాళ్ళంతా పోయి ఒంటిగా మిగిలిన మనిషి. మూడేళ్ళ కిందట ఏ కష్టానికో చర్చి గడప తొక్కింది, తర్వాత బాప్తిస్మం తీసుకుంది. అక్షరం ముక్క రాదు. చెవులు సరిగా వినపడవు కాబట్టి, దేవుడికీ అదే జబ్బు ఉందన్నట్టు గట్టిగా అరిచి ప్రార్థిస్తుంది. ఇంతవరకు అయితే రూతమ్మకు ఆమెతో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ఆ వాన తెచ్చిపెట్టింది.

రెండేళ్ళ కిందట ఇలాగే ఆగస్టులో, శెనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించాలనుకున్నారు. ఆ ఆదివారం తెల్లవారుజామున రూతమ్మ చీపురు పక్కన పెట్టి, ప్రభువు బల్ల ముందు మోకరించి వాన అడిగింది. తనకంటూ ఏదీ అడగని మనిషి, అడగక అడగక అడిగింది. పదకొండు గంటలప్పుడు అయ్యగారు ఎవరైనా ఒక సోదరి ప్రార్థించండి అన్నారు. రూతమ్మ గొంతు సవరించుకునేలోపల, బాప్తిస్మమై ఆరు నెలలైనా నిండని ఓబమ్మ లేచి నిలబడి అరిచింది. సాయంత్రం నాలుగింటికి వాన పడింది. సుంకన్న ఐదెకరాలూ బతికాయి.

ఆనాటి నుంచి ఆమె వాన ఓబమ్మ అయింది. జ్వరమొచ్చిన బిడ్డను ఆమె ఒళ్ళో పడుకోబెడతారు. బోరు వేయాలంటే ఆమెను చేనుకు పిలుచుకుపోతారు. అర్జీ ముందు పెట్టుకున్నది ఒకరు, పింఛను అందింది ఇంకొకరికి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ వాన తనదని రూతమ్మ ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు. అందుకని ఓబమ్మను చూసినప్పుడల్లా లోపల్లోపలే కడుపు మండించుకుంది. రెండేళ్ళుగా మండుతూనే ఉంది.

దాని మీద ఆజ్యం పోసినట్టు నిన్న అయ్యగారు ఒక మాట చెప్పి వెళ్ళారు. ఈ ఏడూ వానలు లేవు కాబట్టి ఈ ఆదివారం వాన కోసం ఉపవాస ప్రార్థన. ఓబమ్మకు కాళ్ళు సహకరించడం లేదు కాబట్టి ప్రసంగపు బల్ల పక్కన ఆమెకొక కుర్చీ వేయమన్నారు. ముప్పై నాలుగేళ్ళలో రూతమ్మ ఆ చర్చిలో కుర్చీలు తుడిచింది, మోసింది, వేసింది. తనకంటూ ఎవరూ ఒక్కటి వేసింది లేదు. ఇప్పుడు ఆ కుర్చీని వెనక గదిలోంచి తెచ్చి, దుమ్ము దులిపి, అయ్యగారు చెప్పిన చోటే పెట్టింది. చెప్పిన పని చేయకుండా ఉండే అలవాటు ఆమెకు లేదు.

ఎనిమిదింటికి మొదటి గంట కొట్టింది. తొమ్మిదింటికి రెండో గంట కొట్టింది. రెండో గంట అయ్యాక ఆమెకు ఇంకో పని ఉంది. గుత్తి రోడ్డు దాటి ఓబమ్మ ఇంటికి పోయి, ఆమె చేయి పట్టుకొని లారీలు తప్పించి తీసుకురావాలి. ఈ పనీ అయ్యగారు పురమాయించిందే. ఉగాది నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. చేయి పట్టుకొని నడిచినంతసేపూ ఓబమ్మ, నీ చేతులు ఎంత గరుకుగా ఉండాయి రూతూ, దేవుని ఇల్లు ఊడ్చిన చేతులు కదా అంటూ ఉంటుంది. పొగిడించుకునేవాళ్ళకు ఇతరులను పొగడటం ఏం కష్టం అనిపిస్తుంది రూతమ్మకు.

ఈ రోజు ఆమె వేపచెట్టు కింద నిలబడి రోడ్డు వైపు చూసింది. రెండు ట్రాక్టర్లు పోయాయి. ఒక బస్సు పోయింది. చేతిలోని ఇనుప సుత్తిని రెండు సార్లు అటూ ఇటూ మార్చుకుంది. తర్వాత వెనక్కి తిరిగి చర్చిలోకి పోయి, సరిగానే పరిచి ఉన్న చాపలను మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. మరిచిపోలేదు. పోకూడదనుకుంది, పోలేదు. తొమ్మిదిన్నరకు మూడో గంట ఎప్పటికన్నా గట్టిగా కొట్టింది.

కీర్తనలయ్యాయి, వాక్యమైంది. ప్రసంగపు బల్ల పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళంతా దాన్ని చూశారు, తలుపు వైపు చూశారు. సుంకన్న అయితే మోకాళ్ళ నొప్పితో రెండుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వచ్చాడు. ఈసారి ఆయన చేలో సగం ఇప్పటికే మాడిపోయింది. ప్రార్థన వేళకు అయ్యగారు ఇక చేసేదేమీ లేక ఆడవాళ్ళ వరుస మీద చూపు తిప్పారు. ఆ చూపు తలుపు దగ్గర నిలబడి ఉన్న రూతమ్మ మీద ఆగింది. నువ్వు చేస్తావా అమ్మా అని అడిగారు.

రూతమ్మ ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. ఆమె దగ్గర ప్రార్థన సిద్ధంగా ఉంది. కృపాకనికరములు గల తండ్రీ అని మొదలై, వరుసగా అందరి చేలనూ అందరి బావులనూ తలచుకుంటూ పోయే చక్కటి ప్రార్థన. పొయ్యి ముందు, బట్టలుతికే చోట ఎన్నిసార్లు చెప్పుకుందో. ముందుకు వచ్చి నిలబడింది. అందరూ తలలు వంచారు. నోరు తెరిచింది, కానీ మాట రాలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. చీపురు లేకుండా ప్రార్థించడం తనకు రాదని ఆ క్షణంలో తెలిసింది. ఎవరో దగ్గారు. అప్పుడు ఆమె నోట్లోంచి పెద్ద గొంతుతో మాటలు ఊడిపడ్డాయి.

"ఏం నాయనా, మమ్మల్ని మరిచినావా? ఆకాశం నిండా నీకు నీళ్ళుండాయి, నోరు తడుపుకోను మాకు చుక్క లేదు. చేన్లో కాయ ఎండిపోతాంది. నిన్ను కాక ఇంకెవర్ని అడగాల మేము, నువ్వే చెప్పు."

చర్చి అంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. అవి ఓబమ్మ మాటలు. ఆ అరుపు కూడా ఓబమ్మదే. రెండేళ్ళుగా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూ విన్నదంతా పొల్లుపోకుండా కంఠస్థమైపోయింది.

బయట చెప్పులు తొడుక్కుంటూ సునంద టీచరు ఆమె భుజం తట్టింది. కళ్ళు మూసుకుని వింటుంటే ఓబమ్మే అనుకున్నానని మెచ్చుకుంది. ఓబమ్మ లేని లోటు తెలియనివ్వలేదని సుంకన్న అన్నాడు. మంచి మనసుతోనే అన్నారు. రూతమ్మకు మాత్రం చాపలు చుట్టినంతసేపూ చెంపలు మండాయి. తన వానను ఆమె తీసుకుంది, ఇప్పుడు తన నోరు కూడా తీసుకుందా అనుకుంది. చర్చికి రాకుండా ఇంట్లోనే కూర్చుని ఆమె తనను గెలిచిందా అనుకుంది.

ఓబమ్మ ఎందుకు రాలేదో చూసి వద్దామని అయ్యగారు బయల్దేరారు. సుంకన్న కర్ర పట్టుకొని వెంట వచ్చాడు. రూతమ్మకు తప్పలేదు. రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా ఎడమ చేయి చాపి, పట్టుకునేవాళ్ళు లేక దించుకుంది.

ఓబమ్మ తన ఇంటి అరుగు మీదే ఉంది. ఉతికిన తెల్ల చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. గోడకు ఆనుకొని, తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. అయ్యగారు రెండుసార్లు పిలిచారు. వినపడదు కదా అని సుంకన్న గట్టిగా పిలిచాడు. అయ్యగారు వంగి మణికట్టు పట్టుకొని, చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా వదిలేశారు.

మేకలు తోలుకొని అప్పుడే వచ్చిన పక్కింటి నల్లమ్మ అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున తాను మేకలు విప్పేటప్పటికి బాగానే ఉందని చెప్పింది. మంచినీళ్ళు కూడా అడిగి తాగిందట. గుండెలో పట్టేసినట్టుండాది, నడిస్తే పోతాదిలే అన్నదట.

"ఇంట్లోకి పోయి పడుకోరాదా అవ్వా అంటే, రూతు వస్తాది, చేయి పట్టుకొని పిలుచుకొని పోతాది అనె," అంటూ నల్లమ్మ ఏడ్చింది. "రోడ్డు దిక్కే చూస్తా కూసోనుండె."

సుంకన్న రూతమ్మ వైపు తిరిగాడు. నువ్వు రాలేదా అని అడిగాడు. గద్దింపు లేదు ఆ గొంతులో.

"రాలేదన్నా."

"వాన ప్రార్థన కదా, పనుల్లో పడి మరిచినావేమోలే."

ఆ మాటను పట్టుకుని బయటపడిపోవచ్చు. మరిచానంటే ఆ పొద్దు పామిడిలో కాదనేవాళ్ళు లేరు. రూతమ్మ ఓబమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

"మరవలేదన్నా," అంది. "కుళ్ళుతో రాలేదు."

అప్పుడే పైన రేకుల మీద టపటపా చప్పుడైంది. ఒకటి, నాలుగు, తర్వాత లెక్కలేదు. సుంకన్న తల పైకెత్తాడు. అయ్యగారు చేయి బయటకు చాపారు. పెన్న అవతల నుంచి ఎప్పుడు కమ్ముకుందో మబ్బు, ఎవరూ చూసుకోలేదు. వీధిలో మట్టి వాసన లేచింది. రూతమ్మ చెప్పిన మాట రేకుల మోతలో కలిసిపోయింది. ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పే ధైర్యం ఆమెకు చాలలేదు.

"పోతానే అడిగినాదప్పా," అన్నాడు సుంకన్న. ఆయన ముఖమంతా తడిసింది, కన్నీళ్ళో వానో తెలియదు. "పోయి నేరుగా ఆయన్నే అడిగినాది. చూడు, ఒక్క గంట పట్టలేదు."

నల్లమ్మ చేతులెత్తి మొక్కింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వానలోనే పరుగెత్తుకొచ్చారు. ఓబమ్మ పోయిందన్న మాట, ఓబమ్మ వాన పంపిందన్న మాట రెండూ కలిసి వీధి చివరిదాకా పాకాయి. పదకొండు గంటలకు చర్చిలో నిలబడి అరిచిందెవరో ఆ గుంపులో ఒక్కరికీ గుర్తు రాలేదు. సొమ్మొకరిది సోకొకరిది. రూతమ్మకు చచ్చిన మనిషి మీద కూడా కడుపు మండింది. మండినందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూడా మండుతూనే ఉంది. ఆ వాన తనది, రెండుసార్లూ తనదే. చెప్పాలంటే ఇదే సమయం. ఒక్క మాట అంటే చాలు, నువ్వు చేసిన ప్రార్థనే కదమ్మా అని సునంద టీచరు సాక్ష్యం చెబుతుంది.

సుంకన్న ఆమె వైపు చూసి, నువ్వేమంటావన్నట్టు తలాడించాడు.

ఆమె ఓబమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది. రోడ్డు దాటించేటప్పుడు పట్టుకునే పట్టే అది. చేయి ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"ఔనన్నా," అంది గట్టిగా, ఈసారి అందరికీ వినపడేలా. "ఓబక్క వానే."

జల్లు అరుగు మీదకు కొడుతుంటే నలుగురూ కలిసి ఓబమ్మను లోపలికి ఎత్తారు. రూతమ్మ తల వైపు పట్టింది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూసింది. ఆ సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా దేవునికని ఒక పిడికెడు తీసి పెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. బియ్యం వండుకునే స్తోమత లేని ఓబమ్మ, రోజూ అమ్మే బొరుగుల్లోంచే పిడికెడు తీసి పెట్టేది. ఈ వారానిది ఆమె ఒళ్ళో ఉన్నట్టుంది, ఎత్తేటప్పుడు జారి అరుగు మీద పడింది. పాత గుడ్డలో ముడివేసిన చిన్న మూట. వానకు తడిసి, లోపలి బొరుగులు మెత్తబడి, కొంచెం కొంచెంగా కుంగిపోతోంది.