పండగనాడు తారుమారైన పళ్ళెం

తెతువాన్ పాతబస్తీలో, మా సందు చివరి బట్టీలో నలభై ఏళ్ళు రొట్టెలు కాల్చాను. ఈ నలభై ఏళ్ళలో ఒకరింటి రొట్టె ఇంకొకరింటికి పంపిన పాపాన పోలేదు. ఇంటింటివాళ్ళూ పిండి ముద్దలు చెక్కపలక మీద పెట్టి పంపుతారు. ఒకరు చెంచా గుర్తు వేస్తారు, ఒకరు మూడు చుక్కలు పొడుస్తారు. నాకు ఆ గుర్తులు కూడా అక్కర్లేదు. ఓసారి కళ్ళకు గంతలు కట్టి ముప్పై ఒక్క రొట్టెలు నా ముందు పెట్టారు. వాసన చూసి ముప్పై ఇళ్ళ పేర్లు వరసగా చెప్పి, ఆ చివరిది పక్క సందుదని పక్కకు నెట్టేశాను. పిండి పిసుకుతూ ఏ ఇల్లాలు మొగుణ్ణి తిట్టుకుందో కూడా చెప్పగలను గానీ, కాపురాలు పాడవుతాయని ఊరుకుంటాను.

వడ్రంగి లర్బీ జలసంధి అవతలి క్రైస్తవుల దేశంనుంచి ఎన్‌కార్నాని పెళ్ళాడి తెచ్చిన ఏడు, లర్బీ తల్లి లల్లా జోహర్ మణికట్టు విరిగింది. అంతకు ముందు ఆవిడ పిండిలో ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఇక పిసకాల్సింది కోడలే. ఎన్‌కార్నా మొదటిరోజు పిండి చక్కగా పిసికింది గానీ, బట్టీకి పంపేముందు అలవాటుకొద్దీ ఒక్కో ముద్ద మీదా కత్తితో నిలువుగా ఒక గీతా అడ్డంగా ఒక గీతా పెట్టింది. వాళ్ళ ఊళ్ళో రొట్టె బాగా పొంగాలని అలా గాటు పెడతారట. కాలాక అది అచ్చం శిలువలా విచ్చుకుంది. నేను చూశాను. చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా పంపాను.

లల్లా జోహర్ ఆ పలకమీద గుడ్డ కప్పి తిప్పి పంపింది. ఆ రోజునుంచి కోడలి చేతి ముద్ద ముట్టలేదు. పక్కింటి ఫ్తూమా పంపిన రొట్టే తినేది. గీతల సంగతి అటుంచి, అసలు అనుమానం కొవ్వు దగ్గర ఉందని ఫ్తూమాయే నా చెవిన వేసింది. అవతలివాళ్ళు బిస్కట్లలో కూడా పంది కొవ్వు వేస్తారు కదా, ఇంట్లో ఏది ఎందులో కలిపిందో ఎవరు చూడొచ్చారు అని ముసలావిడ బెంగ. నోరు తెరిచి అడగదు. అడిగితే కోడలితో మాట్లాడినట్టవుతుంది.

రెండు నెలలు గడిచాయి. ఉపవాసాల నెల చివర్లో ఒకరోజు ఎన్‌కార్నా పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, పండగనాడు కూడా అత్త తన చేతిది తినకపోతే పడవెక్కి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోతానని మెల్లగా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆ పళ్ళెంలో వాళ్ళమ్మ చేసే పద్ధతిలో తను చేసిన బాదం బిస్కట్లు ఉన్నాయి. గుండ్రంగా, పైన పగుళ్ళిచ్చి, మనం పండక్కి చేసుకునే ఘ్రీబా బిస్కట్లకు కవలపిల్లల్లా ఉన్నాయి. ఆ రోజు బట్టీలో అరవై పళ్ళాలు. బిస్కట్లకు ఎవరూ గుర్తు వెయ్యరు, పళ్ళాన్ని బట్టే పోల్చుకోవాలి. ఫ్తూమా పళ్ళెం, ఎన్‌కార్నా పళ్ళెం ఒకే కంచరి దగ్గర కొన్నవి.

పండగ ఉదయం కొత్త జుబ్బా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఎన్‌కార్నా పరుగున వచ్చింది. చేతిలో కొరికిన బిస్కట్టు.

"బాబాయ్, ఇది నాది కాదు."

నా బట్టీలో అలాంటివి జరగవన్నాను. ఆ పిల్ల మిగిలిన సగం నా నోట్లో కుక్కింది. నువ్వుల రుచి. ఫ్తూమా తప్ప ఆ సందులో ఘ్రీబాలో నువ్వులు వేసేవాళ్ళు లేరు. నమిలేలోపే నలభై ఏళ్ళ పరువు గొంతులో అడ్డంపడింది.

ఇద్దరం లర్బీ ఇంటికి వెళ్ళేసరికి ఫ్తూమా పండగ పళ్ళెం తెచ్చి కూర్చుని ఉంది. లల్లా జోహర్ అప్పటికి మూడోది తింటోంది.

"పిండి వేయించి చేశావే ఫ్తూమా. నిమ్మతొక్క కూడా తురిమావు. మా అమ్మ పోయాక ఈ రుచి నా నాలిక్కి తగల్లేదు."

ఫ్తూమా జన్మలో పిండి వేయించిన మనిషి కాదు. అయినా తల వంచి, "ఏదో అక్కయ్యా, చేతికొచ్చినట్టు చేశాను," అంది.

నేను నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, ఫ్తూమాకి మెప్పు దక్కుతుంది, పిల్ల పడవెక్కుతుంది. ధైర్యం చేసి చెప్పేశాను. పళ్ళాలు మార్చింది నేనేనని, ఆవిడ తింటున్నది కోడలు చేసిందని.

ముసలావిడ నమలడం ఆపింది. మింగలేదు, ఉమ్మలేదు. పెళ్ళయినప్పటినుంచి మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"ఏ కొవ్వు?"

"వెన్నే అత్తా. మీరు కొనే ఆ కొండమ్మాయి దగ్గరే, కోటగుమ్మం దగ్గర. నా ముందే ఆకులో చుట్టి ఇచ్చింది."

"గడ్డి టోపీకి నీలం కుచ్చులు ఉంటాయే, ఆవిడా?"

"ఆవిడే."

లల్లా జోహర్ మింగింది. తర్వాత ఇంకోటి తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

"దాల్చినచెక్క ఎక్కువేశావు. మా అమ్మ ఇంత వెయ్యదు. రేపు పిండి వేయించేటప్పుడు నా పక్కన కూర్చో, చెబుతాను." తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్ అయాషీ, నీ కళ్ళకు గంతలు కట్టినప్పుడే నయంలా ఉంది."

ఫ్తూమా నెమ్మదిగా తన పళ్ళెం వైపు చూసుకుంటూ లేచింది. ఆవిడ నాతో మాట్లాడటానికి తర్వాత వచ్చిన బలి పండగ దాకా పట్టింది.

ఇదంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. ధైర్యం చేసి చెప్పానన్నది నా కల్పన. ఎన్‌కార్నా నా వెనక నిలబడి వేలితో వీపులో పొడుస్తూనే ఉంది. నాలుగో పోటుకి గానీ నా నోరు పెగల్లేదు.