అప్పలకొండమ్మ వీపు

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో వాళ్ల వీధి కుళాయికి మూడ్రోజులకోసారి నీళ్లొస్తాయి. పద్మిని, పదమూడేళ్ల కూతురు గౌతమి బిందెలతో మోసి డ్రమ్ములు నింపుకుంటారు. ఒక ఉదయం తడిసిన గౌనులో కూతురి వీపు చూసి పద్మిని బిందె దించేసింది. ఒక భుజం కిందికి దిగింది, కుడి రెక్క ఎముక పైకి పొడుచుకొచ్చింది. వెన్ను పక్కకి వంగిపోయింది.

ఇక అందరూ డాక్టర్లైపోయారు. పక్కింటావిడ స్కూలు బ్యాగు బరువంది. టీచరు కూర్చునే తీరంది. తండ్రి మణికుమార్, ఏనాడూ బిందె ముట్టని మనిషి, పెళ్లాం మీద పడ్డాడు. "నీళ్లు మోయించి పిల్ల వీపు విరిచేశావు!" మూడు నెలలు అదే మాట. పద్మిని అన్నం ముందు కూర్చున్నా అదే మాట.

చివరికి పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, బ్యాగులూ బిందెలూ కారణం కాదంది.

"చాలామందిలో కారణం తెలీదు. కొందరికి వంశంలో ఉంటుంది. మీ వైపు ఎవరికైనా ఉందా?"

"మా వంశంలో వంకర లేదు మేడం," అన్నాడు మణికుమార్.

"పిల్ల ఇంకా పెరుగుతోంది. ఇప్పుడే బెల్టు వేస్తే వంపు ముదరకుండా ఆపొచ్చు. బెల్టుకి కొలతలు తీసే అతను ఇవాళ మధ్యాహ్నం వెళ్లిపోతాడు. మళ్లీ ఆర్నెల్లకి గాని రాడు."

మణికుమార్ వినలేదు. నీళ్లు మోయడం మాన్పిస్తే అదే సర్దుకుంటుందని తల్లీకూతుళ్లని ఇంటికెళ్లే ఫెర్రీ ఎక్కించి తనూ ఎక్కాడు.

ఫెర్రీలో అతని తల్లి అప్పలకొండమ్మ కూర్చునుంది. చనిపోయి ఆరేళ్లయినా, చేపలమ్మిన రోజుల్లోలాగే రోజూ వెళ్లొస్తుంది. ఆవిడని టికెట్ అడగరు. పద్మిని ఏడుస్తూ అంతా చెప్పింది. అప్పలకొండమ్మ లేచి, కొడుకు వైపు వీపు తిప్పి కొంగు తీసేసింది. కుడి రెక్క ఎముక అచ్చం గౌతమికిలాగే పొడుచుకొచ్చి ఉంది, ఇంకా ఎక్కువగా.

"చూడరా. నాకూ దీని వయసులోనే మొదలైంది. నేను బిందె ఎత్తి ఎరగను, మా అన్నలే మోసేవోరు. అదే సర్దుకుంటాదని మా అయ్య ఊరుకున్నాడు. బతికున్నన్నాళ్లూ కొంగు కప్పీసుకు తిరిగాను. సిగ్గేసి నీకూ చెప్పలేదు."

గౌతమి వెళ్లి నానమ్మ వీపు మీద చెయ్యేసింది.

ఫెర్రీ జెట్టీకి ఆనింది. జనం దిగిపోయారు, వీళ్లు తప్ప.

"భయ్యా, ఉతర్నా నహీ?" అడిగాడు తాళ్లు కట్టేవాడు.

"నహీ. వాపస్ జానా హై, అస్పతాల్," అన్నాడు మణికుమార్. పద్మిని చెయ్యి పట్టుకున్నాడు. "పాపం, నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు నాదే."

"వంపు ఎవరి తప్పూ కాదురా," అంది అప్పలకొండమ్మ. "ఇంక ఆలస్యం చేస్తే మాత్రం నీదే."