స్పీకర్లకు ఎదురుగా

ఆంప్లిఫయర్ మీద దుమ్ము తుడుస్తుంటే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "ఈ ఆదివారం లోపల దాని సంగతి తేల్చు. లేకపోతే పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం. ఏడాది నుంచి దాన్ని తుడవడమే సరిపోతోంది."

తుడిచేది నేను. విసుగు ఆయనకి.

అది మా పెద్దమ్మది. కుట్టుమిషన్ పక్కన పెట్టుకుని, రోజంతా బట్టలు కుడుతూ పాటలు వినేది. చూపు తగ్గి కొట్టు మూసేసినప్పుడు రికార్డ్ ప్లేయరూ, ఆంప్లిఫయరూ, ఒక పెట్టెడు రికార్డులూ నాకిచ్చింది. స్పీకర్లు అప్పటికే ఎలకల పాలయ్యాయి. అన్నీ వచ్చి మా టీవీ బల్ల కింద చేరాయి. అన్నీ ఉన్నాయి, నోరు లేదు.

కొత్త స్పీకర్లు కొనే తాహతు లేదు. సెకండ్ హ్యాండ్‌వి చూసుకుంటానంటే మా అత్తగారు నవ్వింది. "కొంటావు సరే, వినడానికి నీకు తీరికెక్కడ ఏడ్చిందమ్మా?" అంది. ఆవిడ మాటలు గుచ్చుకుంటాయి గానీ అబద్ధాలు కావు. అందుకే ఎక్కువ గుచ్చుకుంటాయి.

శనివారం ఆఫీసు ఒంటిపూటే. మిగిలిన పూట ఎప్పుడూ ఇంటికే జమ. కూరలు, ఇస్త్రీ, అత్తగారి మందులు, పిల్లదాని లెక్కలు. ఆ శనివారం మాత్రం మా స్టాపులో బస్సు దిగలేదు. ఇంకా ముందుకు పోతే, ఒక సందు చివర రేడియోలు బాగుచేసే ముసలాయన దుకాణం ఉంది. కూర్చోవడానికి కాదు కదా, నిలబడడానికే చోటు లేదు. నేల నుంచి కప్పు దాకా స్పీకర్లు.

"పాత ఆంప్లిఫయర్‌కి చవకలో ఏవైనా ఉంటే చూపించండి," అన్నాను.

దాని వివరాలు అడిగి రెండు జతలు దించాడు. ఒకటి మోకాలెత్తు చెక్కపెట్టెలు. రెండోది పుస్తకాల అరలో పట్టేంతవి. ముందున్న గుడ్డ తీసి, లోపలి కాగితం గిన్నెను వేళ్ళతో మెల్లగా నొక్కి చూపించాడు. "ఇలా నొక్కితే గరగరలాడకూడదు. ఈ అంచు పొడిపొడిగా రాలకూడదు. రెండూ బాగున్నాయి. ధరా ఇంచుమించు ఒకటే. ఏది పనికొస్తుందో నీ ఇంటినిబట్టి ఉంటుంది. ఎక్కడ కూర్చుని వింటావమ్మా?"

"అంటే?"

"దగ్గర కూర్చునేవాళ్ళకి చిన్నవి చాలు. దూరమైతే పెద్దవి కావాలి. రెండు స్పీకర్లకీ మధ్యన ఒక చోటుంటుంది చూడు, అక్కడ కూర్చుంటే పాడేవాళ్ళు ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. పక్కకి జరిగావా, పోయింది."

"సోఫాలో కూర్చుంటానండి."

"సోఫాలో ఏ పక్క?"

సోఫాలో కిటికీ వైపు మూల మా ఆయనది. కాళ్ళు చాపుకుంటాడు కాబట్టి మధ్య భాగం ఆయన కాళ్ళది. ఇటు మూల అత్తగారిది, వెన్నుకి దిండు, పక్కన మందుల డబ్బా. పిల్లది నేల మీద బోర్లా పడుకుంటుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ, టీవీలో సగం కథ చూస్తాను. మిగతా సగం పొయ్యి దగ్గర ఊహించుకుంటాను. భోజనాల బల్ల దగ్గర, అందరూ లేచాక, ఏ కుర్చీ ముందు ఎంగిలి పడకుండా ఉంటే అది నాది. పడకగదిలో మంచం అంచు. ఆఫీసులో మాత్రం ఒక కుర్చీ ఉంది, వెనక నంబరు కూడా వేశారు, కూర్చున్నందుకు జీతమిస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో నేను ఊడవని మూల లేదు. కూర్చున్న మూల ఏదంటే గుర్తు రావడం లేదు. కూర్చోమని ఎవరూ అనక కాదు. "ఎప్పుడూ ఆ తిరుగుడేంటి, కాసేపు కూర్చోవచ్చుగా" అని మా ఆయన అంటూనే ఉంటాడు. ఆ నోటితోనే, "ఎలాగూ నిలబడే ఉన్నావు, కాసిని మంచినీళ్ళు అందుకో" అంటాడు.

ముసలాయన తొందరపెట్టలేదు. "చూసుకుని రేపు ఫోన్ చెయ్యమ్మా. అప్పటిదాకా రెండూ ఉంచుతాను. మనిషి ఎక్కడుంటుందో తెలియకుండా అమ్మితే వారం తిరక్కుండా వెనక్కొస్తాయి. మోసుకు రావడం నీకూ చేటు, నాకూ చేటు," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి హాల్లోకి వచ్చాను. బీరువా పక్కన ఒక పేము కుర్చీ ఉంది. ఇంట్లో అందరం దాన్ని బట్టల కుర్చీ అంటాం. ఆరిన బట్టలు మడతపెట్టే దాకా దాని మీదే ఉంటాయి. ఆ మడతలు అయ్యేలోపు ఇంకో విడత వచ్చి పడుతుంది. అది అల్లిక ఊడని, గట్టి కుర్చీ అన్న సంగతే మరిచిపోయాను. బట్టలన్నీ రెండు చేతులా ఎత్తి సోఫాలో మా ఆయన కాళ్ళ మీద పెట్టాను. కుర్చీని టీవీ బల్లకు ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. నడుము వెనక్కి ఆనింది. ఆనాక గానీ అది ఎంత నొప్పిగా ఉందో తెలియలేదు.



"ఏమ్మాయ్, ఒంట్లో బాగాలేదా?" అంది అత్తగారు.

"బాగానే ఉంది అత్తయ్యా."

"మరి కూర్చున్నావేం?"

పిల్లది పక్కున నవ్వింది. మా ఆయనకి నవ్వు రాలేదు. "ఈ బట్టలేంటి నా మీద? అక్కడ అడ్డంగా ఆ కుర్చీ ఏంటి? మేం టీవీ చూడొద్దా?" అన్నాడు.

"కొంచెం పక్కకి జరగండి, కనిపిస్తుంది," అని ఫోన్ తీసి ముసలాయనకి చేశాను. చెయ్యి ఖాళీ లేదేమో, స్పీకర్‌లో పెట్టి గట్టిగా మాట్లాడాడు. నేనూ స్పీకర్‌లోనే పెట్టాను.

"కుర్చీ నుంచి బల్లకి బారెడు దూరం ఉంటుందండి," అన్నాను.

"దగ్గరే. అయితే చిన్నవి చాలు. కాకపోతే ఒక్కటమ్మా, రేపొద్దున మళ్ళీ ఆ చోటు మార్చవు కదా? మారిస్తే ఇవి పనికిరావు."

మా ఆయన బట్టల కుప్పను ఒళ్ళోకి లాక్కుని, ఎక్కడ పెట్టాలో తోచక, నా వైపే చూస్తున్నాడు. అత్తగారూ చూస్తోంది.

"మార్చనండి," అన్నాను, లేవకుండా.