ఫొటో అంచున చెయ్యి

"అరుణా, పులిహోర జర ఎక్కువ కలుపు. పోయినసారి చక్రపాణి సార్‌కు అందలే" అన్నాడు నరేష్‌కుమార్, కెమెరా లెన్సును మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ. ఆ గుడ్డ అతని భార్య అరుణశ్రీ పాత చీర కొంగు. ఆ చీరంటే ఆమెకు ప్రాణం. ఆ సంగతి చెబుదామనుకునే లోపలే కొంగు చిరిగి కెమెరా బ్యాగులో చేరిపోయింది.

నరేష్‌కుమార్‌ది దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం. ఆదివారం వచ్చిందంటే మాత్రం అతను ఫొటోగ్రాఫర్. 'తూర్పు వెలుగు ఫొటో క్లబ్బు' వాళ్లంతా నెల మొదటి ఆదివారం ఎక్కడో ఒకచోట కలిసి ఫొటోలు తీస్తారు. చివరి ఆదివారం ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తు హాల్లో వాటిని తెర మీద వేసుకుని చూస్తారు. ఫొటో కింద పేరుండదు. నచ్చినదానికి చేతులెత్తాలి. ఎక్కువ చేతులు లేచిన ఫొటో ఎవరిదో వాళ్లు వచ్చి తెర పక్కన నిలబడి, అప్పుడు తామేం చూశారో చెప్పాలి. అదీ అక్కడి ఆనవాయితీ. అరుణశ్రీకి ఆ క్లబ్బులో సభ్యత్వం లేదు గానీ పని మాత్రం బోలెడు. స్టాండు మోయాలి, ఎండకు గొడుగు పట్టాలి, పులిహోర వడ్డించాలి, ఛాయ్ అందించాలి. అందరూ ఆమెను "వదినగారూ" అని పిలుస్తారు. మర్యాదకు ఏ లోటూ లేదు పాపం.

ఆ రోజు చివరి ఆదివారం. నిమ్మకాయలు పిండుతోందన్న మాటే గానీ ఆమె మనసు అక్కడ లేదు. మొన్న నరేష్ కంప్యూటర్‌లో ఓ ఫొటో చూపించి, క్లబ్బుకు దీన్నే పంపుతున్నానన్నాడు. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సులు ఆగే చోట, మెట్రో పిల్లర్‌కు ఆనుకుని మూటల మీద కూర్చున్న ఓ ఆడమనిషి. ఒళ్లో నిద్రపోతున్న పిల్ల. చెప్పులు విడిచి, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని ఉంది. పెదవుల మీద నవ్వో ఏదో. కుడివైపు అంచున మసకగా ఎవరిదో మగ చెయ్యి.

"ఇది నేను తీసిన గదా?" అంది అరుణశ్రీ.

నరేష్ నవ్వాడు. "నువ్వా? నేను ఛాయ్ తాగొచ్చేదాంక కెమెరా పట్టుకున్నవ్, గంతే. చెయ్యి తగిలి రెండు మూడు పడ్డయి, అన్ని బ్లర్. డిలీట్ కొట్టిన."

అతను అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెప్పేటప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, రంగు పోదని గిరాకీలకు ఒట్టు పెట్టేటప్పుడు చూసింది. ఇది ఆ ముఖం కాదు. తనే తీశానని నిండుగా నమ్ముతున్నాడు. ఆమె మతి పోయింది అక్కడే. కోపం రావడానికి కూడా పట్టు దొరకలేదు.

నిజంగా తను నొక్కిందా? కెమెరా బరువు గుర్తుంది, వేలికింద చిన్న చప్పుడు గుర్తుంది. కానీ నరేష్ కూడా వచ్చాక అదే పిల్లర్ దగ్గర టకటకా తీశాడు. వాటిలోదేమో. చిలకపచ్చ చీరకు ఇటుకరంగు అంచు వేయించమని ఆమె అన్నప్పుడు కూడా ఇలాగే అయింది. ఆ చీరలు నిలవకుండా అమ్ముడుపోయాయి. అన్నాల దగ్గర అత్త లింగమ్మ "మా నరేష్‌కు చిన్నప్పటి సందే రంగుల మీద మంచి కన్ను" అని మురిసింది. "అత్తమ్మా, గది నేను చెప్పిన" అంటే, "అట్లనా బిడ్డా? నీకు గట్ల యాదికొస్తున్నదేమో" అంది ఎంతో ప్రేమగా. ఆ ఇంట్లో ఆమెనెవరూ ఒక్క మాట గట్టిగా అనలేదు. ఆమె గుర్తుపెట్టుకున్న ప్రతిదాన్నీ మెల్లగా సర్దిపెట్టారంతే. ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్లి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కి వచ్చి చూసుకునే మనిషైంది. ఫొటో పోతే పోనీ. కళ్లారా చూసినదాన్ని కూడా చూడలేదని ఒప్పుకుంటే ఇక తనకంటూ మిగిలేదేమిటి? తీరా నోరు తెరిచాక అది నరేష్ తీసిందే అయితే? అటూ తేలక ఇటూ తేలక, పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

సాయంత్రం హాల్లో ఆ ఫొటో తెర మీద పడగానే చేతులన్నీ లేచాయి. చక్రపాణి క్లబ్బు అధ్యక్షుడు, రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. "అబ్బ, ఏం పట్టుకున్నారండీ! ఎవరిదండీ ఇది?" అన్నాడు.

నరేష్ వెళ్లి తెర పక్కన నిలబడ్డాడు. "పేరు 'నిరీక్షణ' అని పెట్టిన సార్. మొగడు టికెట్లకు పోయిండు. పాపం, ఎదురుచూసి ఎదురుచూసి ఈమెకు కన్నంటుకున్నది. గా క్షణం కోసమే నేను శానసేపు ఆగిన."

చప్పట్లు కొట్టారు. "బావుందండీ. అంచున ఆ చెయ్యొకటే అడ్డం. ఎవడో దారినపోయేవాడు. కత్తిరించేయండి, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు చక్రపాణి.

"నేను గదే అనుకున్న సార్. తీసేస్తా."

ఛాయ్ కప్పుల ట్రేతో వస్తున్న అరుణశ్రీ ఆగిపోయింది. ఆ చెయ్యి దారినపోయేవాడిది కాదు. అది ఫొటోలోని ఆమె మొగుడి చెయ్యి. బస్సు వచ్చింది. అతను సంచి భుజాన వేసుకుని, చెయ్యి ఊపుతూ, "లేవవే, బస్సొచ్చింది" అని పిలుస్తున్నాడు. ఆమెకు వినపడింది. వినపడే, కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. ఇంకొక్క నిమిషం కావాలామెకు. అరుణశ్రీ అప్పుడే నొక్కింది. ఆ తర్వాత ఆమె ఒక కన్ను తెరిచి అరుణశ్రీని చూసి, చెప్పొద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టి నవ్వింది. అప్పటికి నరేష్ ఇంకా ఛాయ్ బండి దగ్గరే ఉన్నాడు.

"ఆ చెయ్యి తీసెయ్యకుండ్రి సార్" అంది.

అందరూ తిరిగి చూశారు. "ఏంటమ్మా?" అన్నాడు చక్రపాణి.

"ఆమె ఎవరికోసం ఎదురుచూస్తలేదు. గా చెయ్యి ఆమె మొగనిది. పిలుస్తుండు. ఆమె వినపడనట్టు కూసున్నది."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు నరేష్. నిజంగానే అడిగాడు.

"నేను తీసిన గాబట్టి."

అతను తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్లీ తెర వంక చూశాడు. ఇన్నేళ్లూ తన ముఖాన మోసిన ఆ అయోమయం అతని ముఖంలో కనిపించి ఆమెకు జాలేసింది. జాలెందుకో కూడా అర్థం కాలేదు. "ఇదేం గందరగోళం నరేష్‌గారూ?" అన్నాడు చక్రపాణి.

అరుణశ్రీ ట్రే కుర్చీ మీద పెట్టి, వెళ్లి తెర పక్కన నిలబడింది. చెప్పొద్దన్న మాట చెప్పేసిందా తను? ఆ మనిషికి ద్రోహం చేసిందా, మేలు చేసిందా? ఏమీ తేలలేదు.

నరేష్ రెండడుగులు దూరం జరిగాడు. "అరుణా, ఇటు రా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి, చెయ్యి ఊపుతూ. ఆ చెయ్యి ఆమె కంటి చివర మసకగా కనిపిస్తోంది. "అరుణా, నిన్నే."

ఆమె తెర మీది మనిషి వంకే చూస్తూ నిలబడింది. ఆమెకు బాగానే వినపడుతోంది.