ఎర్రబడిన వాల్వులు

అన్నయ్య చనిపోయిన నెల రోజులకి, ఆయన గిటార్ ఆంప్లిఫయర్‌ని వదిన తెచ్చి మెకానిక్ మరిది బల్ల మీద పెట్టించింది.

"పిల్ల దీని మీద వాయిస్తానంటోంది. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, చూడు."

మరిది వెనక చెక్క ఊడదీసి స్విచ్ వేశాడు. నాలుగు నిమిషాల్లో గాజు గొట్టాల్లాంటి పవర్ వాల్వులు రెండింటిలోనూ లోపలి రేకు నిప్పుకణికలా ఎర్రబడింది. ఆపేసి, చల్లారనిచ్చి, మీటరుతో ఒక్కో భాగమే చూసుకుంటూ పోయాడు. వాల్వుల్లో కరెంటు హద్దు మీరకుండా చూసే రెసిస్టర్ దగ్గర చెయ్యి ఆగింది. ఉండాల్సిన విలువలో సగమే ఉంది. ఆ టంకం ఎవరిదో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆరేళ్ల కిందట తానే పెట్టాడు. వేడెక్కుతోందిరా అని అన్నయ్య రెండు మూడుసార్లు అంటే, "వాయించేవాడివి వాయించుకో, వైద్యం నాకొదిలెయ్" అని నవ్వాడు కూడా.

శ్మశానంలో లాగే ఇప్పుడూ ఏమీ అనిపించలేదు. ఒళ్లు తనది కానట్టుంది.

"ఏంటట జబ్బు?" అంది వదిన.

పాతబడిందని చెప్పేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాదే వదినా. అప్పుడు తప్పు ముక్క వేశాను."

వదిన ఆశ్చర్యపోలేదు. "మీ అన్నయ్యకి తెలుసు. ఇంకో మెకానిక్ చూసి చెప్పాడట. బాగుచేస్తానన్నా ముట్టుకోనివ్వలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని, వెనక టేబుల్ ఫ్యాను పెట్టుకుని వాయించేవారు. ఏడాదికో జత వాల్వులు మార్చేవారు."

మరిది తలూపాడు. తనకి ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. సొరుగులోంచి సరైన రెసిస్టర్ తీశాడు. మూడుసార్లు కొలిచాక గానీ టంకం పెట్టలేదు.